ఒక నాచు, ఒక కోతి

వానాకాలంలో పాత గోడల మీద పచ్చగా, మెత్తగా ఏదో మొలుస్తుంది. బావి గట్టు మీద, గుడి ప్రహరీ మీద, చూరు నీళ్లు కారే మూలల్లో మీరు చూసే ఉంటారు. చేత్తో తడిమితే మెత్తని గుడ్డలా ఉంటుంది. కాలు పెడితే జారుతుంది. దాన్ని మనం పాచి అంటాం, నాచు అంటాం. కొబ్బరి పీచుతో తోమి కడిగేస్తాం.

కోతి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మొక్కజొన్న చేలో పడితే కంకులు మిగలవు. పెంకుటిల్లు ఎక్కితే పెంకులు మిగలవు. తోలడానికి ఒక మనిషి కూలి మానుకుని కాపలా కూర్చోవాలి.

"కొన్ని కోతులు అంతరించిపోతున్నాయి" అని చదువు కేంద్రంలో చెబితే ఒక అక్క గట్టిగా నవ్వింది. "ఏ ఊళ్లో సారూ? ఆ ఊరి పేరు చెప్పండి. మా ఊరి కోతుల్ని లారీకెక్కించి పంపిస్తాం" అంది. అందరం నవ్వాం. కానీ ఆ అక్క మాటలో న్యాయం ఉంది. ఊరినిండా కోతులుంటే కోతులు తగ్గిపోతున్నాయని ఎవరైనా ఎలా నమ్ముతారు?

నమ్మాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. అన్ని కోతులూ ఒక జాతి కావు. అన్ని నాచులూ ఒక జాతి కావు.

మన ఊళ్లలో తిరిగే కోతులనే చూడండి. ఒక రకానికి తోక పొడుగు. నెత్తి మీద టోపీ పెట్టినట్టు జుట్టు ఉంటుంది. ఇంకో రకానికి తోక పొట్టి. ముఖం, వెనక భాగం ఎర్రగా ఉంటాయి. కొండముచ్చు వేరే. ఇందులో టోపీ జుట్టు కోతి దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఉత్తరం నుంచి ఎర్రమూతి కోతి కిందికి దిగి వస్తుంటే ఇది చాలా చోట్ల వెనక్కి తగ్గింది. చూసేవాళ్లకు రెండూ కోతులే. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గినా మనకు తెలియదు.

ఈ పాఠంలోని కోతి ఆ రెండూ కాదు. ఇది ఆంధ్రలో లేదు, తెలంగాణలో లేదు. కర్ణాటక, కేరళ, తమిళనాడు రాష్ట్రాల్లో పడమటి కనుమలున్నాయి కదా, ఆ కొండల మీది వాన అడవుల్లోనే ఉంటుంది. ఒళ్లంతా నల్లటి బొచ్చు. ముఖం చుట్టూ బూడిద రంగు జూలు. తోక చివర సింహం తోకకు ఉన్నట్టు చిన్న కుచ్చు. అందుకే దీన్ని సింహపు తోక కోతి అంటారు. కన్నడం వాళ్లు సింగళీక అంటారు. మలయాళం వాళ్లు సింహవాలన్ అంటారు.

ఇది చెట్టు దిగడానికి ఇష్టపడదు. కొమ్మ మీది నుంచి కొమ్మ మీదికి పోతూ బతుకుతుంది. పండ్లు, పురుగులు, నత్తలు తింటుంది. పనస అంటే ప్రాణం. పది ఇరవై కలిసి ఒక గుంపుగా ఉంటాయి. ఆడకోతికి అయిదారేళ్లు వస్తే గానీ తొలి కాన్పు కాదు. ఒక కాన్పుకు ఒక్కటే పిల్ల. మళ్లీ కాన్పుకు రెండు మూడేళ్లు పడుతుంది. అడవుల్లో ఇవి మొత్తం దాదాపు నాలుగు వేలు ఉంటాయని అంచనా. అందులో పిల్లలు పెట్టే వయసువి రెండున్నర వేలకంటే తక్కువ. నాలుగు వేలంటే ఒక మోస్తరు ఊరి జనాభా. ప్రపంచం మొత్తానికీ అంతే.

ఇక నాచు దగ్గరికి వద్దాం. ఇది ఇంకా దూరం.

ఇంగ్లండు దేశంలో డెర్బీషైర్ అని ఒక ప్రాంతం ఉంది. మన జిల్లా లాంటిదే అనుకోండి. అక్కడ సున్నపురాయి కొండలున్నాయి. ఆ కొండల మధ్య ఒక లోయలో ఒక ఊట ఉంది. ఎండ సరిగా పడని చోటు. నీళ్లు రాతి మీదుగా జారుతూ ఉంటాయి. ఆ తడి రాతి మీద ముదురాకుపచ్చ రంగులో ఒక నాచు ఉంది. చూడడానికి చిన్న చిన్న ఈకల్లా ఉంటుంది. అందుకే దాన్ని డెర్బీషైర్ ఈక నాచు అంటారు. 1880ల్లో దాన్ని గుర్తించి పేరు పెట్టారు. అప్పటినుంచి ఎంత వెతికినా ప్రపంచంలో ఇంకో చోట కనబడలేదు.

ఎంత ఉందనుకున్నారు? దాదాపు మూడు చదరపు మీటర్లు.

ఇది అర్థం కావాలంటే ఒక లెక్క చేద్దాం. మన నులక మంచం పొడవు ఆరు అడుగులు, వెడల్పు మూడు అడుగులు. ఆరు మూళ్లు పద్దెనిమిది. అంటే ఒక మంచం పద్దెనిమిది చదరపు అడుగులు. రెండు మంచాలు పక్కపక్కన వేస్తే ముప్పై ఆరు. మూడు చదరపు మీటర్లంటే సుమారు ముప్పై రెండు చదరపు అడుగులు. రెండు మంచాల చోటు కూడా లేదు. ఒక జాతి బతుకంతా ఆ చోటులోనే ఉంది.

ఈ లెక్క చెప్పినప్పుడు కేంద్రంలో ఎవరూ నవ్వలేదు. ఒక తాత మాత్రం "మరి విత్తనం తెచ్చి ఇంకోచోట చల్లుకోవచ్చు గదా" అన్నాడు. రైతు అడగాల్సిన ప్రశ్నే. దానికి నాచు ఎలా బతుకుతుందో తెలియాలి.

నాచుకు మన మొక్కల్లాంటి వేళ్లు లేవు. సన్నటి పోగులుంటాయి. అవి రాయిని పట్టుకోడానికే. నీళ్లు తాగేది ఆకులతోనే. ఆ ఆకు ఎంత పలచనంటే, ఉల్లిపొరకంటే పలచన. పువ్వు పూయదు, కాయ కాయదు, గింజ లేదు. గింజకు బదులు పొడిలాంటిది రాలుతుంది. దాన్ని పుస్తకాల్లో సిద్ధబీజాలు అంటారు. అది తగిన చోట పడితే కొత్త నాచు వస్తుంది. తగిన చోటంటే మాటలు కాదు. అదే రాయి కావాలి, అదే నీడ కావాలి, అదే నీరు కావాలి. నీళ్లలో మురికి కలిస్తే వడకట్టుకోడానికి నాచుకు మందపాటి తొక్క లేదు. నేరుగా లోపలికే పోతుంది. గోడ మీది నాచు ఎండాకాలం నల్లగా మాడి, తొలకరికి మళ్లీ పచ్చబడుతుంది, అది గట్టిది. ఈక నాచు ఊట నీళ్లకు అలవాటు పడింది. ఊటే దాని పొలం. పొలాన్ని మూటగట్టి ఇంకో ఊరికి తీసుకుపోలేం.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి నాలుగు వేల ప్రాణాలు. ఇంకొకటి రెండు మంచాల పచ్చదనం. ఒకటి దూకుతుంది, అరుస్తుంది, పిల్లను కడుపుకు కరుచుకుని తిరుగుతుంది. ఇంకొకటి పుట్టిన చోటునుంచి కదలదు. పైకి ఏ పోలికా లేదు. కానీ ప్రమాదం మాత్రం ఒక్కటే. రెండూ తమ చోటుకు కట్టుబడి ఉన్నాయి. ఆ చోటు చెడితే ఇంకెక్కడికీ పోలేవు.

కోతికి కాళ్లున్నాయి కదా, పోలేకపోవడమేంటి అంటారేమో. తమిళనాడులో ఆనైమలై కొండల మీద వాల్పారై అనే ఊరుంది. ఒకప్పుడు అదంతా దట్టమైన అడవి. 1890ల నుంచి అడవి కొట్టి తేయాకు, కాఫీ తోటలు వేశారు. అడవి ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఒక ముక్కలో ఒక గుంపు, ఇంకో ముక్కలో ఇంకో గుంపు. నడుమ తేయాకు తోట, తారు రోడ్డు. చెట్టు దిగని కోతి రోడ్డు దాటాలంటే దిగాలి. దిగితే బండి కింద పడుతుంది. అలా చాలా చచ్చిపోయాయి. అప్పుడు అక్కడ పనిచేసే ప్రకృతి పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. మంటలార్పే ఫైరింజన్ల పాత గొట్టాలు తెచ్చి, రోడ్డుకు ఇటు చెట్టుకూ అటు చెట్టుకూ వంతెనలా కట్టారు. కోతులు ఆ గొట్టాల మీద నడిచి దాటడం నేర్చుకున్నాయి.

అక్కడే ఇంకో సంగతి జరిగింది. అడవి ముక్క చిన్నదై తిండి చాలక, ఈ సిగ్గరి కోతి కూడా ఇళ్లలోకి దూరడం మొదలుపెట్టింది. కిటికీలోంచి వచ్చి వంటింట్లో తిండి ఎత్తుకుపోతుంది. అక్కడి ఆడవాళ్లు కూడా మన అక్కలాగే తిట్టుకుంటారు. మన ఊరి కోతులు అడవి వదిలి ఊళ్లోకి ఎందుకు వచ్చాయో, వాల్పారైలో కళ్ల ముందే కనిపిస్తుంది. బాధ పడేది తోటల్లో కూలి చేసుకునే వాళ్లు. ఈ బాధను లెక్కలోకి తీసుకోకుండా కోతిని కాపాడాలని చెప్పడం నాకు సరిగా అనిపించదు.

ఈ కోతి పేరు దేశమంతా తెలిసింది ఒక ఆనకట్ట వల్ల. కేరళలో పాలక్కాడ్ జిల్లాలో సైలెంట్ వ్యాలీ అనే అడవి ఉంది. అంటే నిశ్శబ్ద లోయ. అందులో కుంతిపుళ అనే నది పారుతుంది. ఆ నది మీద ఆనకట్ట కట్టి కరెంటు తీయాలన్న పథకానికి 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకుంది. కట్టి ఉంటే దాదాపు 830 హెక్టార్ల అడవి నీట మునిగేది. మన లెక్కలో రెండు వేల ఎకరాల పైమాటే. సింహపు తోక కోతికి మంచి స్థావరాల్లో అది ఒకటి.

దాన్ని ఆపాలని ఉద్యమం లేచింది. ముందు నిలబడింది కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు. అందులో బడి పంతుళ్లు చాలామంది. వాళ్లు ఊరూరా తిరిగి సభలు పెట్టారు. కరెంటు వేరే దారుల్లో ఎలా వస్తుందో లెక్కలు వేసి పుస్తకం అచ్చేశారు. సుగతకుమారి వంటి కవులు కలిసి వచ్చారు. "కోతులు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా?" అని ఎదుటి పక్షం వాళ్లు అడిగారు. ఊరికే అడగలేదు. ఆ ప్రాంతానికి కరెంటు అవసరం నిజంగా ఉంది. వాదన ఏళ్ల తరబడి సాగింది. చివరికి 1983లో కేంద్రం వద్దనుకుంది. 1984 నవంబరు 15న ఆ అడవిని జాతీయ వనంగా ప్రకటించారు. 1985లో అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ దాన్ని దేశానికి అంకితం చేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ పరిషత్తు వాళ్లే 1989, 1990ల్లో ఎర్నాకుళం జిల్లాలో అందరికీ అక్షరాలు నేర్పే పని నెత్తికెత్తుకున్నారు. దేశంలో సంపూర్ణ అక్షరాస్యత సాధించిన మొదటి జిల్లా అదే. మన దగ్గర జరిగిన అక్షర ఉద్యమాలకు అది దారి చూపింది. అంటే మీరు చదువుతున్న ఈ పేజీకీ ఆ అడవికీ కొంచెం చుట్టరికం ఉంది.

ఆ ఉద్యమంలో అందరి కళ్ల ముందు నిలిచింది కోతి బొమ్మ. ఎందుకని? దానికి ముఖముంది. కళ్లున్నాయి. పిల్లను ఎత్తుకున్న తల్లికోతిని చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. అదే లోయలో చెట్ల బెరడు మీద, రాళ్ల మీద నాచులు ఎన్నో రకాలు ఉన్నాయి. వాటి బొమ్మ పట్టుకుని ఎవరూ ఊరేగలేదు. కానీ అడవి నిలిచింది కాబట్టి అవీ నిలిచాయి. పెద్ద గొడుగు కింద చిన్నవాళ్లు కూడా తడవకుండా నిలబడినట్టు.

గొడుగు పట్టేవాళ్లు లేని చోట ఏమవుతుంది? దీనికి ఒక నిజమైన కథ ఉంది. కెనడా దేశంలో ఒంటారియో రాష్ట్రంలో బెల్‌విల్ అనే పట్టణం ఉంది. 1860ల్లో జాన్ మకూన్ అనే ఆయన ఆ పట్టణం దగ్గర బురద అడవుల్లో తిరుగుతూ, చెట్ల మీద ఒక కొత్త నాచును చూసి సేకరించాడు. దానికి ఆయన పేరే పెట్టారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆయన మళ్లీ ఆ చోటుకు వెళ్లాడు. అడవి కొట్టేశారు. నాచు లేదు. ఆ తర్వాత ఇంకెవరికీ కనబడలేదు. ఆ అడవి కొట్టిన రైతుల్లో ఒక్కరికి కూడా, గొడ్డలి దెబ్బతో పాటు ఒక జాతి పోతోందని తెలిసి ఉండదు. వాళ్లను తప్పు పట్టలేం. ఇప్పుడు ఎండిపోయిన కొన్ని రెమ్మలు మాత్రం భద్రపరిచిన కాగితాల మధ్య ఉన్నాయి. చివరి కోతి చచ్చిపోతే పత్రికల్లో రాస్తారు. చివరి నాచు పోయిన రోజు ఏ తేదీయో కూడా ఎవరికీ తెలియదు.

అందుకే నాచు లెక్కలు కూడా ఆలస్యంగా మొదలయ్యాయి. ప్రపంచంలో అయిదు వందల రకాల దాకా కోతులు, వాటి దగ్గరి బంధువులు ఉన్నాయి. నూటికి అరవై రకాలు ప్రమాదంలో ఉన్నాయని 2017లో శాస్త్రవేత్తలు చెప్పారు. యూరపు ఖండంలో నాచులను, వాటి దగ్గరి మొక్కలను పరీక్షించి 2019లో జాబితా ప్రకటించారు. నూటికి ఇరవై రెండుకు పైగా ప్రమాదంలో ఉన్నాయని తేలింది. అరవై పెద్దదా, ఇరవై రెండు పెద్దదా అని చూసి నాచుకు ఫర్వాలేదు అనుకోకండి. కోతులను దాదాపు అన్నిటినీ పరీక్షించారు. ప్రపంచంలోని నాచుల్లో చాలావాటిని ఎవరూ పరీక్షించనే లేదు.

డెర్బీషైర్ నాచు విషయంలో అక్కడి వాళ్లు మేలుకున్నారు. 1981లో చేసిన చట్టంలో దాని పేరు చేర్చారు. దాన్ని పీకడం, అమ్మడం నేరం. కానీ ఒక చిత్రం చూడండి. కోతిని కాపాడింది నలుగురికీ చెప్పడం. ఈ నాచును కాపాడడానికి చెప్పకుండా దాస్తున్నారు! అది ఏ లోయలో, ఏ రాయి మీద ఉందో బయటికి చెప్పరు. చెబితే చూడ్డానికి జనం వస్తారు. చెప్పుల కాళ్లతో రాతి మీద జారితే అర చదరపు మీటరు ఊడిపోతుంది. గుర్తుగా ఒక రెమ్మ తుంచుకుపోయేవాళ్లు కూడా ఉంటారు. నాలుగు వేలల్లో ఒక కోతి పోతే మిగతావి ఉంటాయి. మూడు చదరపు మీటర్లలో అర పోతే ఆరో వంతు పోయినట్టే. ఒక ఏడాది కరువొచ్చి ఊట ఎండినా, పైన ఎవరైనా నీళ్లలో మురికి వదిలినా, మొత్తమే పోవచ్చు.

దాచడంలో ఒక చిక్కు కూడా ఉంది. ఎవరికీ తెలియని దాని కోసం ఎవరు కొట్లాడతారు? ఆ లోయకు నిజంగా ప్రమాదం వస్తే సైలెంట్ వ్యాలీకి వచ్చినంత జనం వస్తారా? నేను రారనే అనుకుంటాను. మీలో ఒకరైనా వస్తారని అంటే నాకు సంతోషమే.

"ఇంతకీ ఆ నాచు పోతే మనకేం నష్టం?" అని మీరు అడగొచ్చు. ఉన్నమాట చెప్పాలి. ఆ రెండు మంచాల నాచు పోతే బియ్యం ధర పెరగదు, వాన తగ్గదు. నాచులన్నీ కలిపి చూస్తే మాత్రం అవి చేసే పని చాలా ఉంది. కొండ మీద పడిన వాన ఒక్కసారిగా కొట్టుకుపోకుండా దూదిలా పట్టి, మెల్లగా వదులుతాయి. చల్లని దేశాల చిత్తడి నేలల్లో పెరిగే ఒక రకం నాచు తన బరువుకు ఇరవై రెట్ల దాకా నీరు పడుతుంది. 1914లో మొదలైన మొదటి ప్రపంచయుద్ధంలో దూదికి కరువొస్తే, బ్రిటన్‌లో ఆడవాళ్లు, పిల్లలు ఈ నాచు ఏరి, శుభ్రం చేసి, సిపాయిల గాయాలకు కట్టడానికి పంపారు. కోతి చేసే పని వేరు. పండు తిని గింజ దూరంగా విడుస్తుంది. అక్కడో చెట్టు లేస్తుంది. ఒకటి అడవికి నీళ్లు పోస్తుంది, ఇంకొకటి విత్తనం వేస్తుంది. సేద్యం తెలిసిన మీకు ఇంతకంటే చెప్పాలా?

కానీ ఆ ఒక్క ఈక నాచు మనకేం చేస్తుందని పట్టుబట్టి అడిగితే, నా దగ్గర లాభం లెక్క లేదు. ఆ రాతి మీద అది మనకోసం మొలవలేదు.

చర్చించండి, రాయండి

మీ కేంద్రంలో రెండు జట్లుగా కూర్చోండి. కోతిని, నాచును కాపాడడానికి ఒక వంద రూపాయలే ఉన్నాయనుకోండి. ఒక జట్టు కోతి తరఫున అడగాలి. ఇంకో జట్టు నాచు తరఫున అడగాలి. కోతుల వల్ల పంట పోయిన వాళ్లను నాచు జట్టులోకి పంపకండి. వాళ్లు కోతి తరఫున మాట్లాడితేనే వాదన రక్తి కడుతుంది.

తర్వాత వాన పడిన రోజు బావి గట్టు దగ్గరికో, పాత గోడ దగ్గరికో వెళ్లండి. నాచు ఎంత మేర ఉందో టేపుతో పొడవు, వెడల్పు కొలవండి. గుణించి చదరపు అడుగులు కట్టండి. దగ్గరగా చూస్తే రెండు మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి బొచ్చులా ఉంటుంది, ఒకటి చిన్న నక్షత్రాల్లా ఉంటుంది. వాటికి మన దగ్గర విడి విడి పేర్లు లేవు. మీకు తోచిన పేర్లు పెట్టి, కొలతల పక్కన రాయండి.